ఆరు సిస్టమ్‌లు, ఒక జాగా

జులై 7, సోమవారం
శుక్రవారంతో ప్రొబేషన్ అయిపోతుంది. మా ల్యాబ్ హెడ్ మేడం పొద్దున్నే చెప్పేసింది — "నీ సాఫ్ట్‌వేర్ ల్యాబ్‌లో ఆరు సిస్టమ్‌ల మీదా నడవాలి. అప్పుడే కన్ఫర్మేషన్ లెటర్." మూడు విండోస్, మూడు లినక్స్. కోడ్ ఒకటే, రెండు రకాలకూ సరిపోయేలా తయారవుతోంది. ఇక ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలన్నదే మిగిలింది. అదెంత పని... అనుకున్నాను. నా మొహం.

జులై 8
మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తిన్నగా సిస్టమ్ ఫోల్డర్‌లోకే పోతుంది. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. అది ఐటీ చూసే అంజిరెడ్డిగారి దగ్గర ఉంది. శామీర్‌పేట మనిషి — పొలాలు, ఆదివారాలు ప్లాట్ల బేరాలు. "గది అందరి జాగ బిడ్డా. ఆడ ఎవ్వల్ని కట్టనియ్య."
పోనీ నా సొంత ఫోల్డర్‌లో పెడదామా అంటే, నేను లాగిన్ అయితేనే తెరుచుకుంటుంది. నేను సెలవు పెడితే ల్యాబ్‌కూ సెలవే.

జులై 9
బతిమాలితే దిగొచ్చారు. విండోస్‌లో డి డ్రైవ్, లినక్స్‌లో విడిగా ఒక ఫోల్డర్. "డి డ్రైవ్ మస్తుంటది. ఈశాన్యం ఖాళీ." డ్రైవ్‌కు ఈశాన్యం ఏమిటి స్వామీ! నవ్వితే ఆ జాగా కూడా రాదు. తలూపాను.

జులై 10
ఆరింటి మీదా ఒకటే పాట — 'ఇప్పటికే ఇన్‌స్టాల్ అయి ఉంది' అని ఆగిపోతోంది. భోజనాల దాకా నా కోడ్‌ను నేనే తిట్టుకున్నాను. తీరా చూస్తే నా సాఫ్ట్‌వేర్ పేరుతోనే ఫోల్డర్, లోపల గుండుసున్నా.
అంజిరెడ్డిగారిని అడిగితే — "నేనే బెట్టిన. జాగ ఖాళీగుంటే కబ్జా జేస్తరు. ముందుగాల హద్దు రాళ్లు పాతాలె."
ఆరు చోట్లా పాతారు మహానుభావుడు! తీసెయ్యండి సార్ అంటే — "పాతిన రాళ్లు పీకుతరా ఎవలన్న?" ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఫోల్డర్ కనిపిస్తే చాలు, ఇన్‌స్టాల్ అయినట్టే లెక్క అని రాసింది మాత్రం నేనే. ఎవరిని అనాలి?

జులై 11, శుక్రవారం
ఫోల్డర్ కాదు, లోపల ప్రోగ్రామ్ ఉందో లేదో చూడమని మార్చాను. ఆరూ నడిచాయి! పదకొండుకు మేడం పెన్ను తీసింది. పక్కనే అంజిరెడ్డిగారు — "రాహుకాలం నడుస్తాంది మేడం. పన్నెండు దాటినంక సంతకం జెయ్యిండ్రి. పిల్ల నౌకరి సంగతి."
నిజం చెప్పొద్దూ, నేనూ అవునన్నాను. మేడం పెన్ను పక్కన పెట్టింది. అమ్మ వింటే మెచ్చుకునేది.
పన్నెండుకు ఐదు నిమిషాలుండగా మేడంకు ఫోన్. చెన్నై ఫ్లైటట, బ్యాగ్ సర్దుకుని పరుగు. లెటర్ సంతకం లేకుండా టేబుల్ మీదే ఉంది. మళ్లీ వచ్చేది బుధవారం.
నా ఐడీ కార్డు మీద గడువు ఇవాళ్టిదాకానే. సోమవారం గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు ఏం చెప్పాలి... రాహుకాలమనా?