ఫ్రిజ్‌లో తులిప్ గడ్డలు

ఏమండీ,

ఫ్రిజ్ అడుగు అరలో ఉన్నవి ఉల్లిపాయలు కావు, తులిప్ గడ్డలు. ముందు చలిలో ఉంచకపోతే ఈ దుబాయ్‌లో పూయవు. పక్కన మామిడిపళ్లు పెట్టకండి, పళ్ల నుంచి వచ్చే గాలికి లోపలి మొగ్గ చచ్చిపోతుంది.

నిన్న వాటినే తరిగి ఆమ్లెట్ వేసుకున్నారు. కడుపులోకి పోతే విషమని ప్లేటు లాక్కున్నాను. ఆ మాట చెప్పేలోపే "మొగుడి నోటికాడ కూడు లాక్కుంటావా?" అని నా చెంప పగలగొట్టారు, గడ్డలు నాటడానికి తెచ్చిన కుండీ ఎత్తి గోడకేసి కొట్టారు. పెంకులు ఊడ్చాను. సోఫా కింద ఇంకా ఉంటాయి, చెప్పులు లేకుండా తిరగకండి.

ఆసుపత్రిలో డ్యూటీ అయ్యాక ఇంటికి రాను. అల్ కుసైస్‌లో మా వార్డు షర్మిలక్క గదికి పోతున్నాను. ఖలాస్. అక్కడికొచ్చి తలుపు బాదితే ఈసారి పగిలేది కుండీ కాదు, మీ తల.

దయ

మిగిలిన గడ్డలు అక్కడే ఉంచాను. ఆకలేస్తే తరుక్కోండి. ప్లేటు లాక్కునే మనిషి లేదు.