ఆఖరి సీసా

ఫిబ్రవరి 3, సోమవారం

రేపు పొద్దున్నే అడ్మిషన్. సంచి సర్దేశాను. రెండు జతల బట్టలు, టవలు, ఛార్జర్, పాత రిపోర్టుల ఫైలు. ఫ్రిజ్‌లో డబ్బాల మూతల మీద ఏ రోజుది ఆ రోజని రాసి అంటించాను. అమ్మాయి చూసి, ముక్కు ఆపరేషన్‌కి వెళ్తున్నావా అమ్మా, దండయాత్రకా అంది.

అంత అవసరమైన ఆపరేషనేం కాదు. సర్జన్ కూడా ఆ మాటే చెప్పాడు. చేయించుకోకపోయినా నష్టం లేదు, చేయించుకుంటే హాయిగా గాలి ఆడుతుందన్నాడు. ముక్కు దూలం లోపల ఒక పక్కకి వంగి ఉందట. ఇన్నేళ్ళూ ఒక్క రంధ్రంతోనే కాపురం చేశాను. గురక మాత్రం ఇల్లంతా వినిపిస్తుందని గోల. అమ్మాయి దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేసి అలారం పెట్టుకుంది. ఆయనైతే హాల్లో సోఫాకి మకాం మార్చేశారు. మరిది, అంటే మా ఇంటి సలహాల కమిటీ, తన ఫ్రెండ్ వాళ్ళ నాన్నకి అక్కడే చేశారనీ, ఒక్క రోజు పని వదినా అనీ వాయించాడు. సరేనన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ సంగతి నేనే రాసి పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 7, శుక్రవారం

ప్యాకింగ్ తీశారు. ముక్కులోంచి గుడ్డ లాగుతుంటే కడుపులోంచి వస్తున్నట్టే అనిపించింది. తర్వాత గాలి. రెండు వైపులా. చల్లగా, బారుగా. లోకంలో అందరూ ఇన్నాళ్ళూ ఇలా పీలుస్తున్నారా? నాకు ఎవరూ చెప్పనేలేదు.

ఆయన సోఫా ఖాళీ చేశారు.

ఫిబ్రవరి 20, గురువారం

పాలు అడుగంటాయి. నేను స్టవ్ పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నాను. స్నానాల గదిలో ఉన్న ఆయన తడి తలతో పరుగెత్తుకొచ్చి స్టవ్ కట్టేశారు. పక్కనే ఉండి ఏం చేస్తున్నావ్ అన్నారు. గిన్నె బొగ్గులా ఉంది. వంటిల్లంతా పొగ.

ఉల్లిపాయ ముక్క ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళు మండాయి. వాసన లేదు.

ఆయన ఆఫీసుకి వెళ్ళాక అలమర తెరిచి ఒక్కొక్క డబ్బా మూత తీశాను. కాఫీ పొడి. వెల్లుల్లి. సబ్బు. బూట్ల పాలిష్. అన్నీ ఒకటే. మూత తీసిన డబ్బాకీ తీయని డబ్బాకీ తేడా లేదు.

ఫిబ్రవరి 22, శనివారం

సర్జన్ నవ్వాడు. లోపల వాపు ఉంటుంది, కంగారెందుకు, ఆరు వారాలు ఆగండి అన్నాడు.

ఏప్రిల్ 14, సోమవారం

ఆరు వారాలు దాటి చాలా రోజులైంది. అన్నం తింటున్నాను అనడం కంటే మెత్తటి ఉప్పు మింగుతున్నాను అనడం సరైన మాట. ఉప్పు, తీపి, పులుపు, చేదు. నాలుక ఆ నాలుగే చెబుతుంది. మిగతాదంతా ముక్కు చెప్పేదట. ఇన్నేళ్ళు వంట చేసి కూడా నాకు తెలియదు.

ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటి. రాత్రి ఆయన పక్కన పడుకుంటే మనిషి పక్కన ఉన్నట్టు లేదు. పక్కన ఫోటో పెట్టుకుని పడుకున్నట్టుంది.

మే 2, శుక్రవారం

సర్జన్ ఈసారి నవ్వలేదు. విసుక్కున్నాడు. గాలి బాగా ఆడుతోందా లేదా అన్నాడు. ఆడుతోందన్నాను. అయితే మీరు వచ్చిన పని అయిపోయినట్టే, వాసన తెలియకపోతే ప్రాణానికేం కాదుగా అన్నాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. 

మే 16, శుక్రవారం

ఇంకో డాక్టరమ్మకి చూపించుకున్నాం. కెమెరా పెట్టింది, స్కాన్ తీయించింది. ఆపరేషన్ ముందటి స్కాన్ నా ఫైల్లో ఉంటే దాన్నీ పక్కన పెట్టి చూసింది. ముక్కు పైకప్పులో వాసన నరాలు దిగే చోట ఒక పొర ఉంటుందట. మీకు రెండు వైపులా అది గీకేసి ఉంది అంది. దూలం సరిచేయడానికి అంత పైకి వెళ్ళాల్సిన పనే లేదంది. మళ్ళీ రాదా అని ఆయన అడిగారు. రాదు అంది. ఆ పొర మొలిచేది కాదట.

ఆపరేషన్‌కి ముందు నేను సంతకం పెట్టిన కాగితంలో రక్తస్రావం ఉంది, ఇన్ఫెక్షన్ ఉంది. వాసన గురించి ఒక్క ముక్క లేదు.

దారిలో ఆయన కారు రెండుసార్లు ఆపారు. ఎందుకని నేను అడగలేదు.

జూన్ 9, సోమవారం

కేసు వేస్తున్నాం. లాయరమ్మ చిన్న మనిషి, వేగంగా మాట్లాడుతుంది. ఆదాయం ఎంత పోయిందని అడిగింది. ఆదాయమే లేనప్పుడు పోవడమేమిటి? అయితే వాసన వల్ల మీకు జరిగే పనులేమిటో చెప్పండి అంది. పాలు విరగబోతున్నాయని కాచకముందే తెలిసేది. ఇస్త్రీపెట్టె బట్ట మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగితే తెలిసేది. వాన ఇంకా రాకముందే ఆరేసిన బట్టలు తీసేదాన్ని. అమ్మాయి నుదురు ముట్టుకోకుండానే జ్వరం కనిపెట్టేదాన్ని. చెబుతుంటే నాకే ఆశ్చర్యం వేసింది, ఇదంతా ఎవరు చేస్తున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ.

లాయరమ్మ రాసుకోవడం ఆపి వింది. కానీ వీటికి కోర్టులో రేటు లేదండీ అంది.

జూలై 21, సోమవారం

హాస్పిటల్ వాళ్ళ జవాబు వచ్చింది. నాకు వాసన బాగానే తెలుస్తోందట. డబ్బు కోసం నటిస్తున్నానట. స్కాన్‌లో ఉన్నది ఆపరేషన్ తర్వాత మామూలుగా కనిపించే మార్పేనట.

నటిస్తున్నాను! స్కూల్లో కూడా నాటకంలో చేరలేదు నేను.

జడ్జి గారు మెడికల్ బోర్డు దగ్గర పరీక్ష చేయించుకోమన్నారు. మంచిదే. పరీక్షలో తేలిపోతుంది.

ఆగస్టు 11, సోమవారం

సలహాల కమిటీ సమావేశమైంది. మరిది ఎవరినో కనుక్కుని వచ్చాడు. కళ్ళు మూయించి సీసాలు వాసన చూపిస్తారట. వదినా, ఒక్కదానికి అవునన్నా సరే, కొంచెం తెలుస్తోందని రాసేస్తారు, కేసు గోవిందా, అన్నిటికీ తెలియట్లేదనే చెప్పు అన్నాడు. నాకు నిజంగానే తెలియదు కదయ్యా, కొత్తగా చెప్పేదేముంది అన్నాను. అది నీకు తెలుసు, నాకు తెలుసు, వాళ్ళకి కావాల్సింది చిన్న సందు అన్నాడు. ఆయన కూడా, వాడు చెప్పిందాంట్లో తప్పేం లేదు, అసలే అనుమానంతో ఉన్నారు వాళ్ళు అన్నారు.

ఆగస్టు 12, మంగళవారం

బోర్డు డాక్టర్ పెద్దాయన. మెల్లగా మాట్లాడతారు. ట్రేలో గోధుమరంగు సీసాలు, మీద అంకెలు మాత్రమే. కళ్ళు మూసుకోమన్నారు. ఒక్కో సీసా ఒక్కో రంధ్రం దగ్గర పెట్టి, ఏదైనా తెలుస్తోందా అమ్మా అని అడిగారు. లేదు. లేదు. లేదు. ప్రతి లేదూ నిజమే.

ఆఖరి సీసా దగ్గరికి రాగానే ముక్కులో సూది దిగినట్టయింది. కళ్ళలో నీళ్ళు వచ్చాయి. వాసన కాదు, మంట. ఏదైనా తెలుస్తోందా అన్నారు. లేదన్నాను. ఆయన ఆగి మళ్ళీ అడిగారు, వాసన కాకపోయినా సరే, మంటగానీ చురుకుగానీ ఉందా అని.

లేదన్నాను.

కళ్ళు తుడుచుకోమని టిష్యూ ఇచ్చారు. జలుబు చేసిందన్నాను.

అదే రోజు, సాయంత్రం

ఎలా జరిగిందని మరిది ఫోన్. అన్నిటికీ లేదన్నానని చెప్పాను. శభాష్ వదినా అన్నాడు.

ఆగస్టు 29, శుక్రవారం

రిపోర్ట్ వచ్చింది. లాయరమ్మ ఆఫీసుకి రమ్మంది. కూర్చోమని కూడా అనలేదు. ఆఖరి సీసాకి ఎందుకు లేదన్నారు అని అడిగింది.

అది అమ్మోనియా అట. దాన్ని పట్టుకునేది వాసన నరం కాదు, ముఖానికి స్పర్శ ఇచ్చే ఇంకో నరమట. వాసన నిజంగా పూర్తిగా పోయినవాళ్ళు కూడా ఆ సీసా పెడితే ఉలిక్కిపడి వెనక్కి జరుగుతారట. దానికి కూడా తెలియదు అనేవాళ్ళు నటించేవాళ్ళేనట. ఆ సీసా ట్రేలో ఉండేదే అందుకట.

మిగతా సీసాలన్నిటికీ నిజం చెప్పాను. అది ఎక్కడా రాయలేదు. ఫిర్యాదుదారు మాట నమ్మదగినది కాదు అని రాశారు.

ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డారు. నేను రిపోర్ట్ మడత పెడుతున్నాను, విప్పుతున్నాను, మళ్ళీ మడత పెడుతున్నాను.

ఉల్లిపాయకి కళ్ళు మండిన రోజే నాకు తెలుసు కదా, మంట వేరు వాసన వేరు అని.

ఆగస్టు 30, శనివారం

మరిది వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి వెళ్ళిపోయాడు. సలహా ఏమీ ఇవ్వలేదు.

సెప్టెంబర్ 3, బుధవారం

లాయరమ్మ ఒక దారి చెప్పింది. డాక్టర్ గారు వాసన వస్తోందా అని మాత్రమే అడిగారు, మంట గురించి అడగలేదు అని ప్రమాణం చేయండి. గదిలో మీరిద్దరే ఉన్నారు, మూడో మనిషి లేడు అంది.

ఇంటికొచ్చాక ఆయన, చెప్పేసెయ్, నిజంగా పోయినదాని కోసమేగా అన్నారు. అమ్మాయికి కోపం వచ్చింది. ఆ ముసలాయన మీద అబద్ధం చెబుతావా, ఆయన నీకు టిష్యూ ఇచ్చాడన్నావు అంది.

అన్నం వడ్డిస్తూ ఆలోచించాను. మొదటి అబద్ధం నా నిజాన్ని మింగేసింది. రెండోది ఆ డాక్టర్ గారి నిజాన్ని మింగుతుంది.

సెప్టెంబర్ 18, గురువారం

జరిగింది జరిగినట్టు చెప్పాను. సీసా మండిందనీ, డాక్టర్ గారు మంట గురించి కూడా అడిగారనీ, నేనే లేదన్నాననీ. లాయరమ్మ తల పట్టుకుంది. జడ్జి గారు ఎందుకలా చెప్పారు అన్నారు. ఒక్కదానికి అవునంటే మిగతావాటికి నమ్మరని భయపడ్డాను అన్నాను.

మళ్ళీ పరీక్ష చేయండి అని అడిగాను. హాస్పిటల్ లాయర్ నవ్వుతూ లేచాడు. కిటుకు తెలిశాక ఎవరైనా అవుననే అంటారు, ఇప్పుడు ఈవిడ అవునన్నా దానికి విలువేముందండీ అన్నాడు.

అది నిజం. నాకు చప్పున వెలిగింది. ఆ సీసా ఒక మనిషికి ఒక్కసారే పనికొస్తుంది. నా అవును ఖర్చయిపోయింది.

జడ్జి గారు మాత్రం, బోర్డు డాక్టర్ ఇంకోసారి చూడనివ్వండి, ఆయన పద్ధతిలో ఆయన చూస్తారు అన్నారు.

అక్టోబర్ 6, సోమవారం

వరసగా రాస్తాను.

బోర్డు ఆఫీసు వరండాలో బెంచీలు నిండా జనం. నేను గోడవైపు బెంచీ మీద కూర్చున్నాను. అటెండర్ వచ్చి, ఆ మళ్ళీ పరీక్ష కేసు ఎవరండీ అని గట్టిగా అరిచాడు. చెయ్యెత్తాను. అందరూ చూశారు. డాక్టర్ గారు మీటింగులో ఉన్నారు, కూర్చోండి అని పోయాడు.

కాసేపటికి నా పక్కనున్న ముసలాయన లేచి దూరంగా వెళ్ళాడు. తర్వాత పిల్లని ఎత్తుకున్న తల్లి, చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుని. తర్వాత ఎదురు బెంచీ మొత్తం. గుమాస్తా కుర్చీ తీసుకుని అటు చివరికి పోయాడు. అక్కడ గుంపుగా నిలబడి నావైపే చూస్తున్నారు. నాకు అర్థమైంది. అబద్ధాల మనిషి ఈవిడే అని తెలిసిపోయింది. ఒళ్ళు మండింది. వెళ్తే వెళ్ళండి, నేను మాత్రం కదలను అని నిటారుగా కూర్చున్నాను.

డాక్టర్ గారు వచ్చారు. రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వరండా మొదట్లో ఆగిపోయారు. నన్ను చూస్తూ చాలాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత దగ్గరికి వచ్చి, ఎప్పటినుంచి ఇక్కడ కూర్చున్నారమ్మా అని అడిగారు. వచ్చినప్పటి నుంచీ అన్నాను. అందరూ లేచిపోయారు కదా, మీరెందుకు లేవలేదు అన్నారు. నేనెందుకు లేవాలండీ, వాళ్ళు లేచింది నన్ను చూసి కదా అన్నాను.

ఆయన రుమాలు తీయలేదు. కళ్ళు మాత్రం మారాయి. అమ్మా, మీ వెనక గోడ అవతల డ్రైనేజీ పైపు పగిలింది, మీ బెంచీ కిందకి వస్తోంది అన్నారు.

వంగి చూశాను. నల్లటి నీళ్ళు. నా చెప్పులు అందులోనే ఉన్నాయి. బట్టల అంచు కూడా.

లోపలికి తీసుకెళ్ళి కాళ్ళు కడుక్కోమన్నారు. ట్రే బల్ల మీదే ఉంది. దాన్ని తెరవలేదు. చూసిందంతా రాసి, అటెండర్ చేతా గుమాస్తా చేతా సంతకాలు చేయించారు.

సంతోషించాలి. బస్సులో నా పక్క సీటు ఖాళీగానే ఉంది ఇల్లు చేరేదాకా.

డిసెంబర్ 15, సోమవారం

తీర్పు. తప్పు సర్జన్‌దేనన్నారు. పరిహారం ఇమ్మన్నారు, బోర్డు ముందు అబద్ధం చెప్పినందుకు నాలుగో వంతు కోత వేసి. మరిది ఆ కోత తను కడతానన్నాడు. నోరు మూసుకోమన్నాను. కోత సరైనదే.

డిసెంబర్ 16

బోర్డు వరండాలో తడిసిన ఆ రోజు బట్టలు ఇవాళ బయటికి తీశాను. అప్పట్నుంచి ఎన్నిసార్లు ఉతికానో. వాసన పోయిందా అని ఆయన్ని అడిగాను. పోయిందన్నారు. అమ్మాయిని విడిగా పిలిచి అడిగాను. పోయిందంది.

వేసుకున్నాను.