పెద్దక్క నెగటివ్

ఒరేయ్ చిన్నా,

ఆసుపత్రి నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది, వెళ్తున్నాను. స్కానర్ ఆపకు. బల్ల మీద మిగిలిన నెగటివ్ ముక్కల్ని అంచులతోనే పట్టుకో, వేలిముద్ర పడితే ఇక పోదు. నోటితో ఊదకు, తుంపర పడుతుంది. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపి, మెరిసే వైపు అద్దానికి ఆనించు. వంకర తిరిగినవాటిని బలవంతంగా చదును చేయకు, విరిగిపోతాయి.

పెద్దక్క వాటిలోనే ఎక్కడో ఉంది, ఇంట్లో వేరే ఫోటో లేదు. నాన్న ఆ రీలు కడిగించాడు గానీ, అక్క పోయాక ప్రింట్లు వేయించడానికి మనసొప్పలేదు. అమ్మేమో నిన్నటి నుంచి "పెద్దదాని మొహం గుర్తు రావట్లేదే" అని ఒకటే ఏడుపు. ఉండబట్టలేక అక్కది అనిపించిన ఒక నెగటివ్ ఆసుపత్రి కిటికీ వెలుగులో పెట్టి చూపించాను. "నల్ల పళ్లూ, తెల్ల జుట్టూ... ఈ పిల్ల ఎవరే?" అని తోసేసింది. నా ప్రాణం పోయినట్టయింది. ఆ ముక్క మళ్లీ మిగతావాటిలో కలిసిపోయింది. మామూలు ఫోటోలా చూపించాలిరా. అమ్మకి ఈ రోజు గడవడం కష్టమంటున్నాడు డాక్టరు.

దొరికిన వెంటనే నా ఫోన్‌కి పంపు. గీతలూ మచ్చలూ సరిచేస్తూ కూర్చోకు.

నువ్వు ఒక్కసారి కూడా ఆసుపత్రికి రాలేదు. ఈ స్కానింగ్ నీకు సాకు దొరికిందని నాకు తెలుసు. తిట్టడం లేదురా, నాకూ భయంగానే ఉంది.

చిన్నక్క

ఇంకో మాట. మధ్యాహ్నానికి కూడా దొరక్కపోతే అన్నీ అలాగే వదిలేసి వచ్చెయ్. నవ్వితే నువ్వు అచ్చం పెద్దక్కలాగే ఉంటావు. అమ్మ పక్కన కూర్చుని ఒక్కసారి నవ్వరా.