మా మీద కేసు ఎత్తివేయరాదని మనవి

స్టేషను ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు లిఫ్టు మెకానిక్కు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా మీద, నాతో కాపురముంటున్న బేకరీ పనివాని మీద తమరు పెట్టిన కేసును ఉపసంహరించరాదని కోరుట గురించి.

1. మగవాళ్లిద్దరు కలిసి కాపురముండుట నేరమను చట్టము క్రింద తమ సిబ్బంది మా గది తలుపు విరగగొట్టి మమ్ములను పట్టుకొనిపోయిరి. సదరు చట్టము చెల్లదని మేము పై కోర్టులో దావా వేసితిమి. విచారణకు ముందురోజు తమరు కేసు ఎత్తివేసితిరి. "కేసే లేనప్పుడు వీళ్లకు జరిగిన నష్టమేమిటి?" అని సర్కారు వకీలు అడిగెను. దావా కొట్టివేయబడినది.

2. తలుపుకు కొత్త గడియ బిగించానో లేదో, తమరు మళ్లీ వచ్చితిరి. మళ్లీ కేసు, మళ్లీ దావా, మళ్లీ ఉపసంహరణ. ఈ మధ్యలో లాఠీ దెబ్బకు బేకరీ పనివాని ఎడమ చెవి పోయినది. బట్టీ దగ్గర వెనకనుంచి కేకేసినా వినపడక, వేడి రేకు తగిలి చేయి కాలినది. ఇదేదీ నష్టము క్రిందకు రాదట.

3. ఇప్పుడు మూడవ కేసు, మూడవ దావా. సోమవారం విచారణ. నిన్న తమరు మమ్ములను పిలిపించి, కుర్చీలు వేయించి, టీ ఇప్పించి, "పాపమని కేసు ఎత్తేస్తున్నా. సంతకం పెట్టి హాయిగా ఇంటికి పోండి" అంటిరి. నేను వద్దన్నాను.

"మంచి చేస్తుంటే వద్దంటావేంట్రా? పిచ్చా?" అంటిరి.

అప్పుడు అతను లేచి, "సార్, విరిగింది మా తలుపు, పోయింది నా చెవి. కేసు మాత్రం మీ ఇష్టమా?" అన్నాడు. తమరు టీ గ్లాసులు తీయించివేసితిరి.

4. ఇక ఆఫీసు భాష నా వల్ల కాదు. మీది దయ కాదు, భయం. జడ్జి ముందు నిలబెడితే ఈ చట్టం కూలుతుందని మీకు తెలుసు. అందుకే దాన్ని కుక్కలా మా మీదకు ఉసిగొల్పి, కోర్టు గుమ్మం కనపడగానే గొలుసు లాగేస్తున్నారు. మాకు మీ మాఫీ వద్దు. తీర్పు కావాలి.

కావున సదరు కేసును సోమవారం దాకా కదపక యథాతథముగా ఉంచవలెనని కోరుచు వ్రాసిన ఈ ఒక్క కాగితమునైనా చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు
(వాడుక కొద్దీ వ్రాసినది),
లిఫ్టు మెకానిక్కు

తా.క.: అర్జీ ఇవ్వబోతే మీ రైటరు నవ్వాడు. "ఆలస్యమైందయ్యా, పొద్దున్నే ఎత్తేశారు" అన్నాడు. సరే. మేమిద్దరం మీ స్టేషను మెట్ల మీదే కూర్చున్నాం. అతని తల నా భుజం మీద ఉంది. జనం మూగారు. మా తరఫు వకీలమ్మ ఫోటోలు తీస్తోంది. బయటికి రండి సార్. పట్టుకుంటే కోర్టులో కేసు ఉన్నట్టు. పట్టుకోకపోతే మీ చట్టం లేనట్టు. ఏదో ఒకటి ఇక్కడే తేల్చండి.