ఇంటి వార్తలు, పై అంతస్తు నుంచి

ప్రియమైన పై అంతస్తు వారికి,

విషయం: ఇంటి వార్తల రికార్డింగుల గురించి విన్నపం.

ఈ కాగితాన్ని మెట్ల మలుపులో, తమరు ఖాళీ కప్పు వదిలే చోట, ఆ కప్పు కిందనే పెడుతున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ కాగితాలెందుకు, నోటితో అడగవచ్చు కదా అని తమరికి తోచవచ్చు. మన మధ్య మాటలను నిలిపివేస్తూ ఎవరూ ఉత్తర్వు జారీ చేయలేదన్నది నిజమే. గొడవ కూడా జరగలేదు. జరిగి ఉంటే చర్చకు ఒక అంశమైనా మిగిలేది. జ్వరం వచ్చి మన చిన్నారి సంపాదకురాలు పోయిన తరువాత కొన్నాళ్ళు మనిద్దరం ఒకే బల్ల దగ్గర తిన్నాం. ఆమె కుర్చీని ఎటు జరపాలో ఇద్దరికీ తెలియలేదు. ఒకరోజు తమరు కంచం పట్టుకుని పై గదికి వెళ్ళిపోయారు. అది తాత్కాలికమైన ఏర్పాటని నేను భావించాను. విశ్వవిద్యాలయంలో నిబంధనల ముసాయిదాలు రాసి బతికేవాణ్ణి కనుక, తాత్కాలిక ఏర్పాట్ల ఆయుర్దాయం ఎంతో నాకు తెలిసి ఉండవలసింది.

ఇక అసలు సంగతి. ఏడేళ్ళ మన సంపాదకురాలు సాయంత్రాలు తమరి కంప్యూటరు ముందు కూర్చుని, గొంతు సవరించుకుని చదివిన ఇంటి వార్తలన్నీ ఆ కంప్యూటరులోనే ఉన్నాయి. కింది అంతస్తులో ఒక్కటి కూడా లేదు. నిన్న ఆమె గొంతును గుర్తు చేసుకునే ప్రయత్నం చేయగా, పక్కింటి పిల్ల గొంతు వచ్చింది. దీన్ని నిర్వహణలో తీవ్రమైన లోపంగా పరిగణించి తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
తమరి విధేయుడు,
కింది అంతస్తు

•

ప్రియమైన ముసాయిదాకి,

పెళ్ళైన కొత్తలో నీకు ఈ పేరు పెట్టినప్పుడు వేళాకోళానికే పెట్టాను. ఇప్పుడు చూస్తే నీకు వేరే పేరు సరిపోదు.

కాగితాన్ని కప్పు కింద పెట్టావు. అడుగు తడికి మూడో వరుస అలుక్కుపోయింది. ఏం ఫరవాలేదు. నీ ఉత్తరాల్లో మూడో వరుస ఎప్పుడూ అవసరం లేనిదే.

రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇవ్వడం నాకు క్షణాల పని. కానీ ఇవ్వాలంటే కిందికి రావాలి, నీ చేతిలో పెట్టాలి, నీ ముఖం చూడాలి. నీ ముఖం మీద మన పిల్ల ముక్కు ఉంది. పైకి వచ్చేసిన రోజే ఈ మాట నీతో చెప్పి ఉంటే బాగుండేది.

అందుకని ఇంకో దారి. నీ కంప్యూటరు, నా కంప్యూటరు ఒకే వైఫై మీద ఉన్నాయి. నేను రికార్డింగుల ఫోల్డరులోకి వెళ్ళి ఒక్క వరుస ఆదేశం కొడితే, నా కంప్యూటరు ఒక చిన్న వెబ్ సర్వరు అయిపోతుంది. ఈ కాగితం వెనక రాసిన అంకెలు నీ బ్రౌజరులో కొట్టు. ఫోల్డరులో ఉన్నవాటి పేర్లన్నీ వస్తాయి. ఏదైనా నొక్కితే వినిపిస్తుంది. బయటి ఇంటర్నెట్టుతో దీనికి పనిలేదు. ఈ గోడలు దాటి ఎవరికీ కనిపించదు.

ఉత్తరాలు కూడా ఇక ఇలాగే. నీ వైపు ఒక ఫోల్డరు చేసుకో. అందులోకి వెళ్ళి, చిన్న అక్షరాల్లో ఇలా కొట్టు: పైథాన్, ఖాళీ, అడ్డగీత, వెంటనే ఎం, ఖాళీ, హెచ్‌టీటీపీ, చుక్క, సర్వర్, ఖాళీ, ఎనిమిది వేలు. అంతే. బీమా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేదాన్ని, రోజూ ఎవరో ఒకరికి ఇది చెబుతూనే ఉంటాను, అందరికీ వచ్చింది. నీకూ వస్తుంది.

రెండు సంగతులు గుర్తుంచుకో. ఆదేశం కొట్టిన నల్ల విండో తెరిచి ఉన్నంతసేపే ఇదంతా. మూశావా, అవతలి వాళ్ళకి ఏమీ ఉండదు. రెండోది, అవతలి వాళ్ళు ఏదైనా ఫైలు అడిగినప్పుడల్లా ఆ విండోలో ఒక వరుస పడుతుంది. చివర రెండు వందలు అని ఉంటే అడిగింది ఇచ్చానని. నాలుగు వందల నాలుగు అని ఉంటే అలాంటిది లేదని.

అన్నీ దించుకుని నీ దగ్గర భద్రం చేసుకో. నేను వినలేకపోతున్నాను.

ఉంటాను,
పై గది

•

ప్రియమైన పై అంతస్తు వారికి,

విషయం: ఆదేశం అమలుపై నివేదిక.

తమరు సూచించిన వరుసను కొట్టడమైనది. మొదటి ప్రయత్నంలో ఒక పొరపాటు దొర్లింది. ఫోల్డరు లోపలికి వెళ్ళకుండా, బయటే నిలబడి ఆదేశం ఇచ్చినందున, నా కంప్యూటరులోని సమస్తమూ పై అంతస్తుకు దర్శనమిచ్చింది. హాజరు నిబంధనలు, వాటి సవరణలు, ఆ సవరణలకు సవరణలు అందులో ఉన్నాయి. తమరు వాటిలో దేనినీ తెరవలేదని నల్ల విండో సాక్ష్యం చెబుతోంది. ఒకే ఒక ఫైలు తెరిచారు. దాని పేరు ‘ఆవిడతో మాట్లాడవలసినవి’. అందులో ఏమీ లేదని తమరు గమనించే ఉంటారు. శీర్షిక దాటి పని ముందుకు సాగలేదు.

పొరపాటును సరిదిద్ది, తమరి ఫోల్డరును తెరిచాను. పేర్లు కనిపించాయి. వాటిలో ‘బల్లి వార్త’ అన్నదాన్ని నొక్కాను.

పక్కింటి పిల్ల గొంతు కాదు. నాకు గుర్తున్నదానికంటే కొంచెం బొంగురుగా ఉంది, ‘అధికారులు’ అనే మాటను నాలాగే నొక్కి పలికింది. ఆ పలుకుబడి నా దగ్గర నేర్చుకున్నదేనని, దానికి నేనెప్పుడూ ఆమెను మెచ్చుకోలేదని గుర్తుకొచ్చింది. మధ్యలో వంటింట్లో గిన్నె పడిన చప్పుడు వినిపిస్తుంది, పడేసింది నేనే. చివర్లో తమరు నవ్వారు. ఈ ఇంట్లో ముగ్గురం కలిసి ఉన్న చోటు ప్రస్తుతానికి ఆ ఫైలు ఒక్కటే.

తమరు నవ్వగలరన్న విషయం కింది అంతస్తు రికార్డుల్లో లేదు. నమోదు చేసుకున్నాను.

ఇట్లు,
విధేయుడు,
కింది అంతస్తు

•

ప్రియమైన ముసాయిదాకి,

నువ్వు పొరపాటు సరిదిద్దేలోగా ఆ ఖాళీ ఫైలును నేను ఒకసారి కాదు, చాలాసార్లు తెరిచాను. ఇంతలో ఏమైనా రాశావేమోనని.

రోజూ పొద్దున నువ్వు ఆఫీసుకు వెళ్ళే ముందు నా విండోలో ఒక వరుస పడుతుంది. బల్లి వార్త, రెండు వందలు. మిగతావన్నీ తలా ఒకసారే అడిగావు, అది మాత్రం రోజూ. దించుకున్నదాన్ని నీ దగ్గరే వినొచ్చు కదా, మళ్ళీ నన్నెందుకు అడుగుతున్నావు అని రాయబోయి ఆగిపోయాను. కొత్తవాడివి, తెలియక నొక్కుతున్నావులే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ వరుస పడే వేళకి నేను దాని ముందే కూర్చుని ఉంటున్నాను. పడ్డాకే స్నానానికి లేస్తాను.

ఇలా ఎన్నాళ్ళో నాకు తెలియడం లేదు. మెట్ల మీద ఏ చప్పుడైనా ముందు దానిదే అనిపిస్తుంది, తరువాత నీదని తెలుస్తుంది. నీదని తెలిసినప్పుడు నాకు కోపం వస్తోంది. నీ తప్పు లేదు. నువ్వు మెట్లెక్కడానికి కూడా భయపడేట్టు చేశాను.

బదిలీ అడిగాను. వేరే ఊళ్ళో శాఖకి ఇచ్చారు. వారం చివర వెళ్తున్నాను. ఈ కంప్యూటరు ఆఫీసుది, దారిలో అప్పజెప్పాలి.

ఒక్క మాట చెప్పు. అన్నీ దించుకున్నావా? ప్రతి ఫైలుకీ రెండు వందలు పడింది, చూశాను. అయినా నువ్వు చెబితే వినాలని ఉంది.

ఉంటాను,
పై గది

•

ప్రియమైన పై అంతస్తు వారికి,

విషయం: ధ్రువీకరణ.

సంపాదకురాలి రికార్డింగులన్నీ, ఏ ఒక్కటీ లోపించకుండా, కింది అంతస్తుకు చేరి భద్రంగా ఉన్నాయని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.

బదిలీ విషయమై అభ్యంతరాలు తెలుపుకునే గడువు ఎప్పుడు ముగిసిందో దయచేసి తెలియజేయగలరు. అటువంటి గడువు ఒకటి ఉందని ఈ కార్యాలయానికి ముందుగా తెలియలేదు.

తమరు బయలుదేరే వరకు నల్ల విండోను మూయవద్దని మాత్రం ప్రార్థన.

ఇట్లు,
విధేయుడు,
కింది అంతస్తు

•

ప్రియమైన ముసాయిదాకి,

ఈ ఉదయం నా ఫోల్డరు తెరిస్తే ఈ ఉత్తరం ఒక్కటే కనిపిస్తుంది. కంగారుపడకు.

నిన్న సాయంత్రం అన్నీ తుడిచేశాను. ఊరికే తీసేస్తే మళ్ళీ తోడుకోవచ్చు, ఆ విద్య నాకు తెలుసు, నన్ను నేను నమ్మను. అందుకని వాటి మీద సున్నాలు రాయించాను, మళ్ళీ మళ్ళీ రాయించాను. ఇక ఎవరూ తోడలేరు.

తిట్టుకోకు. నా దగ్గర ఉంటే వింటాను. వింటే ఆ రోజు పనికి వెళ్ళలేను, మర్నాడూ వెళ్ళలేను. మొదటి నెలలో ఏమైందో నీకు తెలుసు. నీ దగ్గర ఉన్నాయి కాబట్టే ఈ పని చేయగలిగాను. నువ్వు దేన్నీ పారేయవు. కొట్టివేసిన నిబంధనల్ని కూడా దాచుకునే మనిషివి. లోకంలో ఒకచోట అది ‘అధికారులు’ అంటూనే ఉందని, ఆ చోటు నీ దగ్గర ఉందని తెలిస్తే నేను బతకగలను. ఎప్పుడో ఒకరోజు, వినగలిగినప్పుడు, నిన్నే అడుగుతాను.

చాలాకాలం తరువాత రాత్రి నిద్రపోయాను.

పెట్టె బరువుగా ఉంది. మెట్ల మలుపు దాకా వచ్చి అందుకుంటావా?

ఉంటాను,
పై గది

•

ప్రియమైన ముసాయిదాకి,

కొత్త ఊరి నుంచి పోస్టులో పంపుతున్న రెండో ఉత్తరం ఇది. మొదటిదాంట్లో బల్లి వార్త పంపమని అడిగితే, జవాబుగా ‘మీ అభ్యర్థన పరిశీలనలో ఉంది’ అని కార్డు ముక్క పంపావు. నవ్వొచ్చింది, నిజంగానే. బల్ల మీద కార్డు చూసి పక్క సీటావిడ, “మీరు ఏ ఆఫీసుకి అర్జీ పెట్టుకున్నారు?” అని అడిగింది. “మా ఆయనకి” అన్నాను.

ఇక్కడి గది చిన్నది, పైన అంతస్తు లేదు, కింద అంతస్తు లేదు. గోడ మీద ఒక బల్లి ఉంది. దాన్ని చూసినప్పటినుంచీ మనసు అటే పోతోంది. వినగలననిపిస్తోంది. మిగతావి వద్దు, ఆ ఒక్కటి చాలు. పెన్‌డ్రైవ్‌లో వేసి కవర్లో పెట్టి పంపు. వేయడం రాకపోతే పక్కింటి వాళ్ళని అడుగు.

పరిశీలన చాలు.

ఉంటాను,
నీ పై గది

•

ప్రియమైన నీకు,

ఈ ఉత్తరానికి విషయం వరుస లేదు.

నా దగ్గర ఆ ఫైలు లేదు. ఏ ఫైలూ లేదు. ఒక్కటి కూడా ఎప్పుడూ దించుకోలేదు.

నీ విండోలో పడిన వరుసలేవీ అబద్ధం చెప్పలేదు. అడిగాను, ఇచ్చావు. విని వదిలేసినా, దించి దాచుకున్నా ఆ విండోలో పడే వరుస ఒకటే. విన్నది ఏదో, దాచుకున్నది ఏదో దానికి తెలియదు. నేను వినడం ఒక్కటే చేశాను. దించుకుంటే నీ విండోతో నాకు పని తీరిపోతుంది. రోజూ పొద్దున నేను అడగడం, పైనుంచి నువ్వు ఇవ్వడం, మన కాపురంలో మిగిలింది అంతే. అది దించుకుంటే మిగలదు. అందుకని వాయిదా వేశాను. అన్నీ దించుకున్నావా, చెప్పు అని నువ్వు అడిగినప్పుడు ఇంకా లేదని రాస్తే పెన్‌డ్రైవ్ మెట్ల మీద పెట్టేసి పని ముగించేస్తావని భయపడి ధ్రువీకరించాను. నువ్వు బయలుదేరే ఉదయం అన్నీ దించుకుందామనుకున్నాను. గడువు చివరి రోజుదాకా కదలని మనుషుల కోసమే జీవితమంతా నిబంధనలు రాశాను. వాటిని ఎవరి కోసం రాస్తున్నానో అప్పుడు తెలియలేదు.

ఆ ఉదయం నీ ఉత్తరం చదివాక కూడా బల్లి వార్త నొక్కాను. నాలుగు వందల నాలుగు. మళ్ళీ నొక్కాను. ఎన్నిసార్లో తెలియదు. నీ విండో నిండా అవే పడి ఉంటాయి. నువ్వు చూడలేదు, పెట్టె సర్దుకుంటున్నావు.

అప్పుడే చెప్పి ఉండవలసింది. మెట్ల మలుపులో పెట్టె అందుకున్నాను. నువ్వు నా ముఖం కేసి చూశావు, తల తిప్పుకోలేదు. “భద్రంగా ఉంచు” అన్నావు. “ఊఁ” అన్నాను. ముసాయిదా లేకుండా నేనిచ్చిన మొదటి హామీ అది. నీ ముఖం అంత తేలికగా ఉండడం చూసి ఏడాది దాటింది.

తరువాత నా కంప్యూటరును ఇద్దరు మరమ్మతు వాళ్ళకి చూపించాను. విన్నదాంట్లో ముక్క ఏదైనా బ్రౌజరు తనకు తెలియకుండా దాచుకుని ఉంటుందేమోనని. దాచుకోలేదు.

ఇప్పుడు నీకు లోకంలో ఆ చోటు లేదు. అది తీసింది నేను. క్షమించమని రాయడం లేదు. ఆ మాటకి మన మధ్య ఏ నిబంధన కిందా చోటు లేదు.

నాకు గుర్తున్నంత వరకు రాస్తున్నాను. రోజూ విన్నాను కాబట్టి మాటలు చాలావరకు సరిగానే ఉండాలి. గొంతు రాయడం నాకు రాదు. తప్పులుంటే నువ్వే దిద్దాలి. ఆమె చదువుతున్నప్పుడు పక్కన కూర్చున్నదానివి నువ్వు, నేను వంటింట్లో ఉన్నాను.

“ఇంటి వార్తలు. చదువుతున్నది నేనే. గోడ మీది బల్లి ఇవాళ కూడా కనిపించలేదు. గాలింపు సాగుతోంది. నాన్న రెండు కాళ్ళకి రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని ఆఫీసుకి వెళ్ళారు. దీనిపై అధికారులు స్పందించలేదు.” ఇక్కడ గిన్నె పడుతుంది. “ఇప్పుడే అందిన వార్త. వంటింట్లో ఏదో పగిలింది. ఎవరూ చనిపోలేదు. వాతావరణం. అమ్మకి పొద్దున కోపంగా ఉంది, సాయంత్రానికి తగ్గింది. రేపు ఎలా ఉంటుందో చెప్పలేం.”

ఇక్కడ నువ్వు నవ్వుతావు. నవ్వుతూనే, “ఆపేయనా?” అంటావు.

“ఆగమ్మా, ఇంకా ఉంది.”

ఆ తరువాత చెప్పడానికి దాని దగ్గర వార్తలేమీ లేవు. ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు కాసేపు వినిపిస్తుంది. అక్కడ తెగిపోతుంది.

నీ దిద్దుబాట్ల కోసం ఎదురుచూస్తూ,
నీ
ముసాయిదా