తిప్పడం, తిరగడం

ఫిబ్రవరి 3
బొగ్గు ఇవాళ నన్ను ఈడ్చుకుపోయింది. పేరుకే కుక్క, బలం దున్నపోతుది. ఊరు దాటి, ఫారెస్టు కంచె వెంట, కృష్ణ ఒడ్డుదాకా. నీళ్లు తగ్గి బురద బయటపడింది. దాని నిండా కొంగలు. కంచె దగ్గర వాచరు — "బెల్టు వదలమాకమ్మాయ్, పిట్టలు లెగుస్తయ్." వదల్లేదు. రోజు మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని గంట అదొక్కటే.

ఫిబ్రవరి 5
డిగ్రీ చేసి ఇంట్లో కూర్చున్నదానికి కుక్కే ఉద్యోగం — అమ్మ. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం
ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద, అందరి ముందూ, ఎదురింటి మరియమ్మ పిన్ని: "ఏమే, కుక్కని తిప్పుతన్నావా, కుక్కని అడ్డం పెట్టుకోని నువ్వు తిరుగుతన్నావా?"
ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. నాన్న చెప్పులు వేసుకుంటూ విన్నాడు. తల ఎత్తలేదు.
తిప్పితే కుక్కకి మంచిది. తిరిగితే నాకు చెడ్డపేరు. దారి ఒకటే, అడుగులూ అవే. పిన్ని కొడుకు పొద్దస్తమానం బండేసుకుని సత్తెనపల్లిలో ఉంటాడు — వాడు "పని మీద తిరుగుతున్నాడు" అట.

ఫిబ్రవరి 9
నాన్న, కంచంలోకి చూస్తూ: "కల్లంలో మిరపకాయలు ఆరబోశాం. కాపలాకి కుక్క కావాల. రేపు తీసకపోతా."
"నిన్నటిదాకా కాయలు లేవా?" అన్నాను.
"నోరు చానా లెగుస్తంది."
కాపలా కాయలకా, నాకా? అడగాల్సింది. కంచాలు తోమాను.

ఫిబ్రవరి 10
తీసుకెళ్లాడు. బండి మీద, నాన్న కాళ్ల మధ్య నిలబడి... షికారనుకుంది. తోక ఊపుకుంటూ పోయింది, వెర్రిది.

ఫిబ్రవరి 12
కల్లానికి అన్నం పట్టుకెళ్లాను. పలుపుతాడుతో గుంజకి కట్టేసి ఉంది. మిరప ఘాటుకి ఒకటే తుమ్ములు, కళ్లు ఎర్రగా. నన్ను చూసి తాడు తెంపుకోబోయింది. నాన్న — "దగ్గరికి పోమాక. అలవాటు పడనీ."
ఎవరు?

ఫిబ్రవరి 13
సాయంత్రం మేకుకి వేలాడుతున్న బెల్టు తీసుకుని బయల్దేరాను. పిన్ని తన అరుగు మీద ఉంది. నోట్లో మాట తయారవుతోంది.
కంచె దగ్గర వాచరు ఖాళీ బెల్టు వైపు చూశాడు. "కుక్కేదమ్మాయ్?"
"కల్లంలో కట్టేశారు."
"మరి నువ్వేం పని మీదొచ్చావ్?"
"తిరగటానికి."
అతనింకేమీ అడగలేదు. కొంగలూ లేవలేదు. మసక పడేదాకా ఒడ్డు వెంట నడిచాను.
ఇల్లు చేరేసరికి నాన్న బండి వాకిట్లో ఉంది. పిన్ని ఈసారి మా అరుగు మీద, కాళ్లు చాపుకుని. నన్ను చూసి పిన్నీ నాన్నా మాట ఆపారు. ఖాళీ బెల్టు నా చేతిలోనే ఉంది. దాచలేదు.