చేప తొట్టిల ఉప్పు

మే 14, బుధవారం. తాండూరు

పసుపు చేప ఇయ్యాల గూడ తిండి ముట్టలే. తొట్టి మూలకు ఒరిగి రొప్పుతున్నది. కొన్ననాడు దుకాణమాయన "బటర్‌ఫ్లై చేపలల్ల ఇది గట్టిది, ఊరికే చావదు" అన్నడు. అంత గట్టిదాన్ని గూడ గిట్ల చేసిన.

పొద్దుగాల సీసాల తొట్టి నీళ్లు పట్టుకొని, రైలెక్కి వికారాబాద్‌ల ఆయన దుకాణానికి పోయిన. ఉప్పు చూసే గొట్టంల ఒక చుక్కేసి చూసిండు. "గింత ఉప్పేందన్నా? నీళ్లు తగ్గినప్పుడల్లా ఏం పోస్తున్నవ్?"

"ఉప్పు కలిపిన నీళ్లే. సముద్రం చేప గదా."

"ఎండకు నీళ్లే పోతయి, ఉప్పు ఆడ్నే ఉంటది. ఉత్త నీళ్లు పోయాలె."

తల కొట్టేసినట్టయింది. నెల కింద నా పెండ్లాం లక్ష్మి గిదే మాట అన్నది. "పప్పు దగ్గరవడితే మల్ల ఉప్పేస్తమా? నీళ్లు పోస్తం గదా" అని. బామ్మర్ది ముంగటనే ఆమెను కసిరిన, "నీ వంటింటి తెలివి గీడ చూపియ్యకు" అని. అప్పటిసంది ఆమె తొట్టి దిక్కు రాలే.

ఇంటికొచ్చి, ఆయన చెప్పినట్టు కొద్దికొద్దిగ ఉత్త నీళ్లు పోస్తుంటే లక్ష్మి వచ్చి పక్కన నిలవడ్డది. "ఏమన్నడు?" అని అడిగింది. నిజం చెప్దామనే నోరు తెరిచిన. "ఆయన ఇచ్చిన ఉప్పే మంచిది కాదట" అన్న.

నమ్మింది. "పోనీ తియ్, నీ తప్పేమున్నది" అనుకుంట నా చేతులకెల్లి చెంబు తీసుకొని, మిగిలిన నీళ్లు తనే పోసింది.